మాటల్లేకపోవడం వేరు, తీసేయడం వేరు

హోసూరు చుట్టుపక్కల తరతరాలుగా ఉంటున్న మా కుటుంబాల్లో "వాళ్లకూ మాకూ మాటల్లేవు" అన్నది కొత్త సంగతేమీ కాదు. గెనిమ దగ్గరో, పెళ్లి పిలుపు దగ్గరో తేడా వచ్చేది. అది ఊరంతా తెలిసేది. తెలిసింది కాబట్టే ఏ మేనత్తో నడుమ కూర్చుని, "ఇంక చాల్లేండ్రా" అని కలిపేది.

ఫేస్‌బుక్‌లో అలా కాదు. ఇంగ్లీషులో దీన్ని అన్‌ఫ్రెండ్ చేయడం అంటారు. 2009లో న్యూ ఆక్స్‌ఫర్డ్ అమెరికన్ నిఘంటువు ఆ ఏటి మాటగా ఎంచుకున్నది దీన్నే. మనం మాత్రం "తీసేశాడు" అంటాం, ఉద్యోగంలోంచి తీసేసినట్టు. తీసేసినట్టు అవతలివాళ్లకు కబురు పోదు. పెద్దవాళ్లకు అసలే తెలియదు. తెలియని తగువు ఎవరు తీరుస్తారు?

మనలాంటివాళ్లకు నష్టం ఇంకా ఎక్కువ. తమిళనాడులో 2006 చట్టం తర్వాత బడిలో తమిళం తప్పనిసరి అయింది. తెలుగు అక్షరం మన పిల్లల కంటపడేది చాలావరకు చిత్తూరు అత్తో, హైదరాబాదు బాబాయో రాసే నాలుగు ముక్కల్లోనే. 2014లో రాష్ట్రం రెండయినప్పుడూ, ప్రతి ఎన్నికకూ ఆ బంధువులతోనే మాటా మాటా పెరిగింది. "మీది అరవ తెలుగు" అని ఎగతాళి చేసినవాళ్లూ ఉన్నారు. కోపం రావడం న్యాయమే. కానీ ఒక్క పోస్టు మీద కోపంతో మనిషిని తీసేస్తే, ఆ ఇంటి పెళ్లి ఫోటోలు, అవ్వకు ఒంట్లో బాగాలేదన్న కబురు, ఆ తెలుగు, అన్నీ పోతాయి.

చూడలేకపోతే అన్‌ఫాలో ఉంది. స్నేహం ఉంటుంది, పోస్టులు కనబడవు. 30 రోజులు మాత్రమే ఆపాలంటే స్నూజ్ ఉంది.

ఆడపిల్లల్ని వేధించేవాళ్లూ, కులం పేరెత్తి తిట్టేవాళ్లూ వేరే లెక్క. సొంత మేనమామైనా సరే, తీసేయండి, బ్లాక్ చేయండి. ఆ పిల్లలకు "బంధువు కదా, సర్దుకో" అని మన ఇళ్లలో ఎవరూ చెప్పకూడదు.

తక్కినవాళ్లను తీసేసే ముందు ఒక్కసారి ఫోన్ చేయండి. "నువ్వు రాసింది నాకు నొచ్చింది" అని చెప్పండి. పోట్లాట అయినా ఫర్వాలేదు. పోట్లాడినవాళ్లకు రాజీ పడే దారైనా మిగులుతుంది.