పాత నోటుకు ముందు గుర్తు, పిమ్మట వెల

తాతలనాటి పెట్టెలో పాత కాగితపు నోటొకటి కనబడగానే మన ఇండ్లలో మొదట పుట్టు ప్రశ్న “దీనికెంత వచ్చును?” అన్నది. అది ఏ కాలపుది, ఎవరు జారీచేసిరి, దానిపై ఏ లిపులున్నవి అని అడుగువారు అరుదు. ఈ వరుస తలక్రిందులైనదని నా వాదము. నోటును గుర్తింపనేరనివాడు దాని వెలను నిర్ణయింపలేడు. మోసగానికి మాత్రము సులువుగా చిక్కును.

గుర్తించుట బ్రహ్మవిద్య కాదు. రిజర్వు బ్యాంకు 1938లో నోట్లు వెలువరింప మొదలిడినది. 2005కు పూర్వము వానిపై ముద్రణ సంవత్సరము వేయలేదు. కావున గవర్నరు సంతకమే కాలమును చెప్పును. జె. బి. టెయిలర్ సంతకము గల నోటు సి. డి. దేశ్‌ముఖ్ సంతకము గలదానికి ముందరిది. రూపాయి నోటు సంగతి వేరు. అది భారత ప్రభుత్వమువారిది. దానిపై ఆర్థికశాఖ కార్యదర్శి సంతకముండును.

“అమ్మిన పిల్లల చదువుకైన అక్కరకు వచ్చును గదా!” యని కొందరందురు. అక్కర గలవారు అమ్ముకొనుట తప్పు కాదు. అయితే అంకెల వింతకు లక్షలిత్తుమను ప్రకటనలను నమ్మి ముందుగా రుసుము చెల్లించుట అవివేకము. అట్టి క్రయవిక్రయములతో తమకు సంబంధము లేదనియు, తమ పేర రుసుములు వసూలు చేయువారిని నమ్మరాదనియు రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించినది. మెరుపు కొఱకు నోటును కడుగుట, ఇస్త్రీ చేయుట, చిరుగునకు జిగురుకాగితము అంటించుట మరియొక అవివేకము. అందువలన నోటును చెరచుటయే గాక వెలను గూడ పోగొట్టుకొందురు.

డబ్బు మాటకు మించినది మరొకటి కలదు. “మనము వలసవచ్చినవారము, ఇచ్చట మనకు చరిత్ర యేది?” అని మన పిల్లలే అడుగుచున్నారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమగువరకు ఈ కోరాపుట్ సీమ మదరాసు రాజధానిలోని విశాఖపట్టణము జిల్లాలోనిది. 1917లో తొలిసారి వెలువడిన రూపాయి నోటుపై పలు దేశభాషలలో విలువ అచ్చయినది, వానిలో తెలుగొకటి. అట్టి నోటు మన యింట నుండిన, పిల్లలకు చూపదగిన సాక్ష్యమదియే. దానిని గుర్తెరుగక అమ్మివేయుట ఇంటి దస్తావేజును చిత్తుకాగితముల వానికి వేయుట వంటిది.

కావున డొరగుడలోను, కోరాపుట్ రాయగడ జిల్లాల ఇతర గ్రామములలోను నున్న ప్రతి తెలుగు కుటుంబము తన యింటి నోట్లకు జాబితా వ్రాయవలెను: విలువ, సంతకము, వరుససంఖ్య, భాషలు, ఎవరి చేతినుండి ఎట్లు వచ్చినదను వృత్తాంతము. పెద్దలు బ్రతికియుండగనే ఈ పని జరుగవలెను. వారు పోయినపిమ్మట నోటు మిగులును గాని వృత్తాంతము మిగులదు. నేటి నోటుపై పదునైదు భాషల పట్టికలో ఒడియా, తెలుగు రెండును కలవు. ఈ జాబితా పొరుగువారితో పోటీకి గాదు, వారితో కలిసి బ్రతికిన కాలమునకు లెక్క చెప్పుటకే. అమ్మకము మాట ఆ తరువాత.