సుత్తీ కొడవలీ చూశారు, షేర్ వినలేదు

బొమ్మ మొదలుకాకముందు తెరమీద పడే కంపెనీ గుర్తును చూసి మీరు మురిసిపోతారు. మేమూ మురిసిపోయాం. సికింద్రాబాద్ హాళ్లలో హిందీ బొమ్మ ఒకవారం, తెలుగు బొమ్మ ఒకవారం చూస్తూ పెరిగినవాళ్లం మేము. జెమినీ కవలలు బాకా ఊదితే చప్పట్లు కొట్టాం. విజయా వారి జెండామీద హనుమంతుడు కనిపిస్తే ఈలలు వేశాం. సినిమా గుర్తులో దేవుడెందుకని ఏనాడూ అడగలేదు. అది తెలుగు సంస్కృతి అన్నారు. సరేనన్నాం.

మరి మెహబూబ్ ప్రొడక్షన్స్ గుర్తు ఎవరి సంస్కృతి?

సుత్తీ కొడవలీ, వాటితో ఎం అక్షరం. వెనకనుంచి ఖుదా ఇచ్ఛమీద భరోసా చెప్పే ఉర్దూ షేర్. మెహబూబ్ ఖాన్ ఈ రెంటినీ ఒకే తెరమీద నిలిపాడు. చెమటకూ నమాజుకూ మధ్య ఆయనకు గోడ కనపడలేదు. మా బస్తీల్లో మెకానిక్కుకూ, దర్జీకీ, దూదేకేవాడికీ కూడా కనపడదు.

మీకే కనపడింది. కామ్రేడ్లు సుత్తీ కొడవలీ చూసి మెచ్చుకుని, షేర్ రాగానే చెవులు మూసుకున్నారు. మతం మాట ఎత్తితే మమ్మల్ని ఛాందసులన్నారు. కాషాయం వాళ్లు షేర్ మాత్రమే విని మమ్మల్ని పరాయివాళ్లన్నారు. ఇద్దరూ మమ్మల్ని సగానికి కోసినవాళ్లే.

'మదర్ ఇండియా' 1957లో వచ్చింది. 'మాయాబజార్' వచ్చిందీ ఆ ఏడాదే. దేశానికి తల్లి బొమ్మ గీసిచ్చినవాడు మెహబూబ్. ఆ తల్లి వేషం కట్టింది నర్గీస్, అసలు పేరు ఫాతిమా రషీద్. అయినా దేశభక్తికి రుజువులు నేటికీ మమ్మల్నే అడుగుతారు!

పాత హిందీ బొమ్మల పేర్లు ఇంగ్లీషు, హిందీ, ఉర్దూ మూడు లిపుల్లో పడేవి. తర్వాత చాలా బొమ్మల్లో ఉర్దూ లిపి మాయమైంది. పాటలో ఉర్దూ కావాలి, డైలాగులో ఉర్దూ కావాలి, పేరు దగ్గర మాత్రం వద్దు. తెలుగు సినిమాలో మాకు మిగిలింది వచ్చీరాని తెలుగు మాట్లాడి నవ్వించే సాయిబు వేషం. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు తడుముకోకుండా మాట్లాడే మేము ఏ తెరమీదున్నాం?

మా సికింద్రాబాద్‌లో ప్యారడైజ్ అంటే ముందు సినిమా హాలు. 1953లో దాన్ని ఆనుకుని చిన్న కెఫే పెట్టారు. హాలు పోయింది, బిర్యానీ మిగిలింది. మమ్మల్నీ అట్లాగే మిగల్చాలని చూస్తున్నారు. బిర్యానీ కావాలి, ఖవ్వాలీ కావాలి, మనుషులు వద్దు.

విజయా జెండాను దించమని మేం అడగటం లేదు. అది మాది కూడా. మెహబూబ్ షేర్ కూడా మాదేనని మీరెప్పుడంటారు? మీరు అనేదాకా ఈ ప్రశ్న అడుగుతూనే ఉంటాం.