బోరబండ బండ్లకడ నొక సాయంకాలము



క్రిందటి నెలలో వడియములను గూర్చి వ్రాయుచు, ఈ మారు నిమ్మకాయ ఊరగాయను గూర్చి వ్రాయుదునని మాట యిచ్చితిని. ఆ మాట తప్పుచున్నాను. నడుమ దసరా సెలవులు వచ్చినవి. నేను హైదరాబాదు పోయి వచ్చితిని. అచ్చట తిన్న తిండ్ల సంగతి మీతో చెప్పినదాక నా మనస్సు నిలువదు. ఊరగాయ యొక నెల ఆగినంతమాత్రమున చెడదు గదా.

మేము నలుగురము. ముప్పది యేండ్ల క్రిందట నొకే వసతిగృహమున, ఒకే గదిలో నుండి చదువుకొన్నవారము. ఒకతె రాజమహేంద్రవరమునది, ఒకతె అనంతపురమునది, ఒకతె వరంగల్లునది, నేను బెజవాడదానను. వరంగల్లు నేస్తురాలు పెండ్లియైనది మొదలు హైదరాబాదులోనే కాపురమున్నది. ఆమె యిల్లు బోరబండలో. "మగవారిని, పిల్లలను ఎక్కడివారి నక్కడ విడిచి మూడు దినములు నా యింటికి రండి" అని ఆమె పిలువగా, మువ్వురమును సికిందరాబాదులో కలిసికొని, 2003 నుండి నగరమున నడచుచున్న ఎమ్మెమ్‌టీఎస్ లోకలు బండి యెక్కి, భరత్‌నగరు తరువాతి స్టేషనులో దిగితిమి. అదియే బోరబండ.

జూబిలీహిల్సు అనగానే మనకు సినిమా తారల మేడలు, ఫిలింనగర్ అనగానే స్టూడియోలు తలపునకు వచ్చును. 1976లో అన్నపూర్ణ స్టూడియో వెలసిన పిమ్మట తెలుగు సినిమా మదరాసు విడిచి క్రమముగా నీ గుట్టలమీదికి తరలివచ్చినది. కాని ఆ మేడలలో వంట చేయువారు, కార్లు తోలువారు, చిత్రములు తీయునపుడు దీపములు మోయువారు, గుంపులో నొకరై నిలుచువారు, వీరిలో ననేకుల కాపురములు కృష్ణానగర్, రహమత్‌నగర్, యూసఫ్‌గూడ, బోరబండ వాడలలోనే యున్నవి. వీరు సాయంకాలము పని ముగించి యిల్లు చేరునప్పటికి పొయ్యి వెలిగించు ఓపిక యుండదు. వీథివెంబడి తిండిబండ్లు అందుకొరకే నిలిచినవి. సరదాకొరకు వచ్చిన మాబోటివారు ఆ బండ్లకు పండుగనాటి చుట్టములమే గాని దినదినపు బేరము కాము.

"చార్మినారు చూపింపవా?" అని అనంతపురము నేస్తురాలు అడిగినది.

"చార్మినారు రేపు. ఈ దినము నేను కూరలకు పోవు వీథి చూడుము" అని వరంగల్లు నేస్తురాలు చేతిసంచి తీసికొని బయలుదేరినది. ఆ సంచిలో నాలుగు స్టీలు డబ్బాలున్నవి. ఎందుకో మాకప్పుడు తెలియలేదు.

మా అమ్మమ్మ కాలమున ఆడుది వీథిలో నిలుచుండి తినుట తప్పు. మా అమ్మ కాలమున పొట్లము కట్టించి యింటికి దెప్పించుకొని తినుట మర్యాద. నేను ఏబది యేండ్లు దాటినదాననయ్యు, మిరపకాయబజ్జీ బండికడ నిలిచి మొదటి ముక్క నోటబెట్టుకొనునపుడు, ఎవరైన చూచుచున్నారేమో యని వెనుకకు దిరిగి చూచితిని. ఎవరును చూచుట లేదు. అందరును తమ తమ బజ్జీలనే చూచుకొనుచుండిరి.

ఆ బజ్జీకడనే మాకు మొదటి తగవు వచ్చినది. హైదరాబాదు బజ్జీలో కాయను నిలువున చీల్చి, గింజ తీసి, చింతపండు ముద్దలో వాము గాని జీలకఱ్ఱ గాని నూవులపొడి గాని కలిపి కూరుదురు. పులుపు లోపల దాగియుండి కారము వెనుకనే వచ్చును. రాజమహేంద్రవరము నేస్తురాలికి ఇది నచ్చలేదు. "బజ్జీ వేగిన తరువాత కడుపు చీల్చి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, కొత్తిమీర పెట్టి, నిమ్మకాయ పిండవలెను. లేకున్న అది బజ్జీయే కాదు" అని ఆమె తీర్పు. అనంతపురమామె యిరువురను చూచి నవ్వి, "బజ్జీ సాయంకాలము తినుటే తప్పు, ప్రొద్దున్నే ఉగ్గానితో తినవలెను" అన్నది. ఉగ్గాని యనగా బొరుగులను నీట తడిపి, పిండి, ఉల్లిపాయ పోపులో వేయించి, పుట్నాలపొడి చల్లినది. ఆ సీమలో ప్రొద్దుటి పలహారము. బండియతడు మా వాదము విని, మరునాడు ప్రొద్దున రండి, బొరుగులు తెప్పింతునన్నాడు. మిరపకాయ మాత్రము మా నలుగురిలో నెవ్వరి సీమదియును గాదు. అది అమెరికా ఖండమున పుట్టి, పోర్చుగీసు వర్తకుల ఓడలలో పదునారవ శతాబ్దమున మన దేశము చేరినది. అంతకు పూర్వము మన పెద్దలు మిరియముతోనే కారము తినిరి. నేనీ మాట చెప్పగా ముగ్గురును ఒక్కటై నామీదికి వచ్చిరి.

డబ్బాల మర్మము ఇచ్చట తెలిసినది. బండియతడు పాత వార్తాపత్రిక చించి బజ్జీలు చుట్టబోగా, మా నేస్తురాలు చేయి అడ్డముపెట్టి డబ్బా చాపినది. వేడి నూనెకు అచ్చుసిరా కరగి తిండికి అంటును. అందుచేతనే కేంద్ర ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ తన 2018 నాటి నియమములలో వార్తాపత్రికలో తిండి చుట్టుట నిషేధించినది. నూనెకును నియమమున్నది. మరల మరల కాచినకొలది నూనెలో చెడు పదార్థములు పెరుగును. అవి నూటికి 25 పాళ్లు మించిన ఆ నూనె పారబోయవలెనని 2018 జూలై నుండి కట్టడి. దానిని కొలుచు సాధనము మనకడ నుండదు గాని కన్ను, ముక్కు ఉన్నవి. నల్లబడి, చిక్కబడి, పైన నురుగు విడువక నిలిచి, కొంచెము వేడికే పొగ చిమ్ము నూనెను మన వంటింటిలో వాడుదుమా? బండికడ మాత్రము ఎందుకు వాడనీయవలెను? మా నేస్తురాలు మొదట బాణలిలోనికి తొంగిచూచి, పిదప బేరమాడును. ఆ వీథిలో ఆమెను చూచి నూనె మార్చినవారు ఇద్దరున్నారట. ఇది ఆమె చెప్పినమాట; నేను ప్రమాణము చేయలేను.

పానీపూరికడ మా రెండవ తగవు. నా చిన్ననాడు మరియొక యూరిలో చెరకురసము త్రాగి కామెర్లు తెచ్చుకొని, రెండు నెలలు పథ్యము తిన్నదానను. అది మొదలు నాకొక నియమమున్నది: నా కన్నులయెదుట నిప్పుమీదనుండి దిగినది తిందును, పచ్చినీరు, పచ్చిరసము, ప్రొద్దున చేసియుంచిన చట్నీ ముట్టను. కామెర్లు, సన్నిపాతజ్వరము, నీళ్ల విరేచనములు వేడికంటె నీటివెంటనే యెక్కువగా వచ్చును గదా. ఈ సంగతులన్నియు నేను విడమరచి చెప్పుచుండగా, రాజమహేంద్రవరము నేస్తురాలు ఆఱు పానీపూరీలు ముగించి యేడవదానికి ఆకుదొన్నె చాపుచుండెను. ఆమెకేమియు కాలేదు. ఆ రాత్రి అందరికంటె బాగుగా నిద్రపోయినదియు నామెయే. నా మాటకు కొంచెము మర్యాద తగ్గినదని యొప్పుకొనుచున్నాను.

అయినను భయము వట్టిది కాదు. 2024 అక్టోబరులో ఈ నగరములోనే, టిబెట్టు నేపాళముల ఆవిరికుడుములైన మోమోలను తిని అనేకులు జబ్బుపడిరి; ఒక తల్లి ప్రాణమే పోయినది. ఆ నెల తుదిలో తెలంగాణ ప్రభుత్వము పచ్చి గ్రుడ్లతో చేయు మయొనీసును ఏడాదిపాటు నిషేధించినది. కుడుములు ఆవిరిమీద ఉడికినవే. ప్రక్కన వడ్డించు తెల్లని ముద్దలోని గ్రుడ్డు ఉడుకనిది. పిల్లలు దీనిని దేనిలోనైన అద్దుకొని తినుచున్నారు గనుక తల్లులకు ఈ భేదము తెలిసియుండవలెను.

మొక్కజొన్న కంకులు నిప్పులమీద కాల్చి, ఉప్పుకారము పులిమిన నిమ్మచెక్కతో రుద్ది యిచ్చిరి. అది మన యన్ని యూళ్లలోను ఒక్కటే రుచి, చెప్పవలసినది లేదు.

నేనీ వ్యాసము వ్రాయుటకు కారణము వీథి చివరనున్న జొన్నరొట్టెల పొయ్యి. నలుబది యేండ్ల యామె పీటమీద కూర్చుండి, రెండు పెనములు పెట్టుకొని రొట్టెలు చేయుచుండెను. చుట్టును పదిమంది నిలుచున్నారు. మెడలో కార్యాలయపు పట్టీ వేసికొన్న పిల్లలు, చక్కెరవ్యాధి గల పెద్దవారు, ఆటో తోలువారు. గోధుమలో నుండు జిగురు జొన్నలో లేదు. చన్నీళ్లతో కలిపిన పిండి విరిగిపోవును. అందుచేత నామె సలసల కాగు నీరు పోసి కలుపును. ఆ వేడికి పిండిలోని గంజి ఉడికి పట్టు వచ్చును. పిదప అరచేతి మడమతో బాగుగా మెదిపి, ముద్దచేసి, పొడిపిండిమీద పెట్టి రెండుచేతుల తట్టుచు త్రిప్పును. అప్పడాలకఱ్ఱ లేదు. అంచు ఎక్కడను పగులలేదు. పెనముమీద వేసి, పైభాగమున తడిగుడ్డతో నీరు అద్ది, తిరుగవేసి, తుద కొక్క నిమిషము నిప్పుమీద నిలిపిన, రొట్టె బూరెవలె పొంగినది. రొట్టె యిరువది రూపాయలు, ప్రక్కన ఎఱ్ఱకారము.

అనంతపురము నేస్తురాలికి చక్కెరవ్యాధి యున్నది. ఆ సాయంకాలము ఆమె నిశ్చింతగా తిన్నది ఇదియొక్కటే. 2023వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల వత్సరముగా ప్రకటించిన పిమ్మట జొన్నకు నగరములలో గౌరవము పెరిగినది. కాని జొన్నయు పిండిధాన్యమే. పీచు గలది గనుక నెమ్మదిగా అరుగును గాని, మందు కాదు. అన్నము మాని నాలుగు రొట్టెలు తినిన లాభము లేదు. ఆమె రెండింటితో ఆగినది. మూడవదానివంక కొంతసేపు చూచినది.

రాజమహేంద్రవరమామె చేతిలోని డబ్బు లెక్కపెట్టుచు, నాలుగు రొట్టెలకు పది రూపాయలు తగ్గింపుమని యడిగినది. మనమందరము చేయుపనియే, కూరలకడ నేనును చేయుదును. రొట్టెలామె తలయెత్తలేదు. "పిండి నేనే మర పట్టిచ్చిన, నిప్పుకాడ నేనే కూసున్న. ఏం తగ్గియ్యాలె అక్కా?" అన్నది. మా నేస్తురాలు మారుమాటాడక మొత్తము సొమ్మిచ్చి, సిగ్గుపడి, ఆ పొయ్యికడనే చతికిలబడి కూర్చున్నది. మాటలు కలిసినవి. ఆమెది పాలమూరు దిక్కు. ఇంటికడ తామే జొన్నలు పండించుకొనువారట. ఇప్పుడు ఆ జొన్నలే నగరమున కొని రొట్టెలు చేయుచున్నది. అత్తకడ నేర్చిన విద్య.

జనము పలుచబడిన తరువాత ఆమె పిండిడబ్బా అడుగునుండి మడతలుపడిన కాగితమొకటి తీసినది.

"అక్కా, సదువుకున్నోళ్ల లెక్క కనవడ్తున్నరు. గీ కాయితంల ఏం రాసిండ్రో జర సదివి చెప్తరా?"

కాగితము ఇంగ్లీషులో నున్నది. నాలుగు నెలలనుండి ఆమెకడ నున్నదట. దారినపోవు పెద్దమనిషి యొకడు చూచి, బండి ఎత్తివేయుటకు వచ్చిన తాఖీదని చెప్పి, ఆపించుటకు రెండువేలగునని, అయిదువందలు బయానా తీసికొనిపోయినాడు. మిగిలిన పదునైదువందలు ఆమె గుడ్డలో కట్టియుంచినది. దినమును పొయ్యి వెలిగించునపుడు, ఈ దినమే ఆఖరేమో యనుకొనునట.

రాజమహేంద్రవరము నేస్తురాలు ముప్పది యేండ్లు బ్యాంకిలో పనిచేసినది. కాగితము రెండుమారులు చదివినది. 2020 జూన్ నెలలో, కరోనా దినములలో, వీథి వర్తకులకు పీఎం స్వనిధి యను పేర కేంద్ర ప్రభుత్వ మొక పథకము తెచ్చినది. పూచీ లేకయే అప్పట్లో మొదట పదివేల రూపాయలు అప్పిచ్చుచుండిరి. గడువున తీర్చినవారికి అంతకు మించిన రెండవ అప్పు దొరకును. వడ్డీలో నూటికి ఏడుపాళ్లు ప్రభుత్వమే తిరిగి జమచేయును. ఈమె ఆ పదివేలు తీసికొని తీర్చివేసినది. ఆ అప్పు చెల్లిపోయినదనియు, రెండవదానికి అర్జీ పెట్టుకొనవచ్చుననియు బ్యాంకి వ్రాసిన జాబు అది. తాఖీదు కాదు.

"ఎత్తేస్తలేరా?" అని ఆమె మరల మరల అడిగినది.

ఎత్తివేయుటకును పద్ధతి కలదు. 2014 నాటి వీథి వర్తకుల చట్టము ప్రకారము పట్టణమున వర్తకుల నెన్ని గుర్తించి పత్రములిచ్చుదాక ఎవ్వరినీ తొలగింపరాదు; పత్రము గలవారిని కదల్పవలసివచ్చిన ముప్పది దినములు ముందుగా తెలుపవలెను. ఇట్టి సంగతులు నిర్ణయించు పట్టణ సంఘమున నూటికి నలువది మందికి తగ్గకుండ వర్తకులే యుండవలెను. వారిలో మూడవవంతు స్త్రీలు. రొట్టెలామె ఈ మాట విని నమ్మనట్లు చూచినది. అట్టి సంఘ మొకటి యుండునని ఆమెకు ఎవ్వరును చెప్పలేదు. గుర్తింపు పత్రముకొరకు అర్జీ యిచ్చినట్లు రసీదు మాత్రము అదే డబ్బాలో మరియొక మడతలో నున్నది.

ఆమె మాయందరికిని తలకొక రొట్టె ఊరక యిచ్చినది, వలదనిన వినలేదు. మా బ్యాంకి నేస్తురాలు తాను తట్టెదనని పిండి తీసికొన్నది. మూడు తట్లకే అంచు చీలినది, తిరుగవేయగా రెండైనది. పొయ్యికడనున్న ఆటో అబ్బాయి నవ్వినాడు. రొట్టెలామె ఆ రెండు ముక్కలను కాల్చి, ఎఱ్ఱకారము వేసి, "నీ చేతిదే, తినక్కా" అని ఆమె చేతిలోనే పెట్టినది.

దసరా సెలవులు గడచిన పిమ్మట వరంగల్లు నేస్తురాలు రొట్టెలామెను వెంటబెట్టుకొని బ్యాంకికి పోయి అర్జీ యిప్పించినది. సొమ్మింకను రాలేదు. మురుగుకాలువ పనికై వీథి త్రవ్వగా, పొయ్యి ఎదుటి ప్రక్కకు మారినదట. బేరము కొంత తగ్గినది. బయానా తీసికొన్న పెద్దమనిషి మరల కానరాలేదు. రాజమహేంద్రవరములో మా నేస్తురాలు దినమును జొన్నపిండి కలిపి, విరిగిన రొట్టెల ఛాయాచిత్రములు మాకు పంపుచున్నది. నిన్న పంపినదానికి అంచున ఒక్క పగులు మాత్రమే యున్నది.

వచ్చు నెల నిమ్మకాయ ఊరగాయ తప్పదు.