పోపుల డబ్బా తెలివి చెత్తబుట్టకు లేదా?

ఆవాలలో మెంతులు కలిసిపోతే ఊరుకునే ఇల్లాలు నాకింతవరకూ కనపడలేదు. పోపుల డబ్బాలో ఏ గిన్నెకా గిన్నె వేరు. చేటలో బియ్యం పోసుకుంటే, కబుర్లు చెబుతూనే రాళ్ళూ, వడ్లగింజలూ ఏరి పారేస్తాం. వేరుచెయ్యడం మనకెవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. అటువంటి మనమే వంకాయ తొడిమలూ, పాల కవరూ, పగిలిన గ్లాసూ, ఆఖరికి వాడిన నాప్‌కిన్‌తో సహా ఒకే బుట్టలో కుక్కి గుమ్మం బయట పెట్టేస్తాం!

"చెత్తే కదండీ, అన్నీ కలిసే పోతాయి" అంటారు. పోవు. ఎవరో ఒకరు వాటిని వేరుచెయ్యవలసిందే. మనం చెయ్యకపోతే చెత్త ఆటో దగ్గర నిలబడి మరో ఆడమనిషి చేస్తుంది. చాలాసార్లు ఆమె చేతికి తొడుగు కూడా ఉండదు. ఆ చేత్తోనే మధ్యాహ్నం అన్నం తినాలి. ఎంగిలి కంచం తాకితే చెయ్యి కడుక్కునే మనం, మన ఎంగిలీ, మన మైలా ఆమె వేళ్ళతో కెలికిస్తున్నాం. ఇదేం మడి? ఇదేం శుభ్రం?

మన అమ్మమ్మల ఇళ్ళల్లో కూరల తొక్కలు కుడితి గోలెంలోకీ, ఊడ్చిన చెత్త పెరటి గోతిలోకీ పోయేవి. అపార్టుమెంట్లలో గేదే లేదు, పెరడూ లేదు. అందుకే తడి, పొడి, ప్రమాదకరమైనవి మూడూ ఇంట్లోనే విడదీయాలని 2016 నాటి కేంద్ర నిబంధనలు చెప్పాయి. అంతకు ముందు 2015లోనే హైదరాబాదులో ఆకుపచ్చ, నీలం బుట్టలు ఇంటింటికీ పంచారు. కొన్ని ఇళ్ళల్లో వాటిలో బియ్యం పోసుకున్నారు!

తడి తగిలిన కాగితం ఎవరూ కొనరు. కూరల చెత్త విడిగా ఉంటే ఎరువవుతుంది. కుప్పలో గాలాడక కుళ్ళితే మీథేన్ అవుతుంది, నిప్పు తగిలితే మండుతుంది. నగరం చెత్తంతా చేరే జవహర్‌నగర్ చుట్టుపక్కల జనం ఆ కంపు గురించి ఏళ్ళ తరబడి మొత్తుకుంటూనే ఉన్నారు. వాళ్ళ ఇళ్ళల్లోనూ పసిపిల్లలున్నారు మరి.

"మనం విడదీసినా ఆటోలో కలిపేస్తారుగా" అనే వాళ్ళున్నారు. కలిపితే నిలదీయండి. కానీ మనమే కలిపి ఇస్తే నిలదీయడానికి నోరేదీ? 2000 తర్వాత తొలి సంవత్సరాల్లోనే సూర్యాపేటలో తడీ పొడీ వేరువేరుగా తీసుకుని, తడిదాన్ని ఎరువు చేసి, పొడిదాన్ని అమ్మి చూపించారు. అక్కడున్నదీ మనలాంటి సంసారులే.

ఇక, ఇది ఆడవాళ్ళ పని అనుకునే మగమహారాజులకు ఒక్క మాట. బ్యాంకు కాగితాలు సంవత్సరాల వారీగా ఫైళ్ళలో సర్దుకోగలిగిన మనిషికి, తిన్న అరటితొక్క ఏ బుట్టలో వెయ్యాలో తెలియదంటే నేను నమ్మను. తిన్నవాళ్ళే వేరుచెయ్యాలి. పిల్లలకూ అదే నేర్పాలి.

కష్టమేమీ లేదు. మరో బుట్ట కొనండి. పాల కవరు కడిగి ఆరెయ్యండి. పాత బ్యాటరీలూ, కాలం చెల్లిన మందులూ ఒక డబ్బాలో దాచి విడిగా ఇవ్వండి. నాప్‌కిన్ కాగితంలో చుట్టి పైన ఎర్ర గుర్తు పెట్టండి.

చెత్త ఎత్తే ఆమెకు పండక్కి పాత చీర ఇచ్చి పుణ్యం మూటగట్టుకుంటాం. చీర సంగతి తర్వాత. ముందు ఆ పగిలిన గాజుముక్కలు విడిగా పొట్లం కట్టి, "ఇందులో గాజుందమ్మా" అని చెప్పి ఆమె చేతికివ్వండి.