చచ్చిన తీగకి అద్దె
(ఆదివారం పోస్టు - 23)

పోయిన వారం స్టాఫ్ రూములో మా అమ్మ ఇంటి ల్యాండ్‌లైన్ గొడవ చెప్తుంటే ఒక సార్ నవ్వారు. "ఇంకా ల్యాండ్‌లైన్ ఏంటి మేడమ్, పీకి పారేయండి. అమ్మగారికి ఒక స్మార్ట్‌ఫోన్ కొనిపెట్టండి, పీడా పోతుంది" అన్నారు. మంచి మనిషే. నాకు టీ కూడా ఆయనే పోశారు. జవాబు చెప్దామనుకునేలోగా బెల్లు కొట్టారు. ఆ జవాబు ఇక్కడ రాస్తున్నాను. పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు లెక్క చూడండి. 2023 మార్చిలో మా ఊరి రోడ్డు వెడల్పు చేస్తూ పొక్లెయిన్‌తో తవ్వారు. ఆ రోజు నుంచి అమ్మ ఇంట్లో ఫోన్ మూగబోయింది. సెప్టెంబర్ నెలాఖరుకి ఏడు నెలలు. నెలకి ఫిక్స్‌డ్ చార్జి 199 రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ, 35 రూపాయల 82 పైసలు. కలిపి 234.82. ఏడు నెలలకి 1,643 రూపాయల 74 పైసలు. ఒక నెల కోపంతో కట్టకపోతే ఆలస్య రుసుము వేశారు, అది వేరు. ఆ సంవత్సరం ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి రోజుకి 272 రూపాయలు. అంటే ఒక్క కాల్ కూడా రాని, పోని ఫోన్ కోసం ఆరు రోజుల మట్టిపని. మా అమ్మకి నాన్న పెన్షన్ వస్తుంది కాబట్టి కట్టగలిగింది. పక్కింటి పిన్ని అయితే ఎప్పుడో పీకించేసింది.

లేని సేవ మీద సేవా పన్ను ఏమిటో ఆలోచించండి. ఈ దేశంలో ఫోన్ మీద సర్వీస్ ట్యాక్స్ 1994లో 5 శాతంతో మొదలైంది. 2017 జులై నుంచి జీఎస్టీ 18 శాతం. కాల్ కలిసిందా, లేదా అన్నది పన్నుకి అక్కర్లేదు. బిల్లు పుట్టిందా, లేదా అన్నదే కావాలి.

ఆఫీసు కౌంటర్‌లో అడిగాను. ఏ ఆఫీసో, ఏ కంపెనీయో పేరు రాయను. కౌంటర్లో కూర్చున్న అబ్బాయి కాంట్రాక్టు ఉద్యోగి, అతని మీద నాకు కోపం లేదు. "వాడినా వాడకపోయినా ఫిక్స్‌డ్ చార్జి ఉంటుంది మేడమ్. లైన్ మీకోసం రెడీగా ఉంచుతాం కదా" అన్నాడు. బాబూ, లైన్ రెడీగా లేదు, తెగి మట్టిలో ఉంది అన్నాను. "అది వేరే సెక్షన్ మేడమ్" అన్నాడు.

మా ఊళ్ళో తిరునాళ్ళ చందా పల్లెలో కూడా ఇంటింటికీ తిరిగి వసూలు చేస్తారు. రథం మాత్రం పల్లె మొగదలకి వచ్చి వెనక్కి తిరుగుతుంది. ఫిక్స్‌డ్ చార్జి అంటే ఏమిటో ఆ కౌంటర్ దగ్గర నిలబడ్డప్పుడు నాకు అర్థమైంది.

ఇక ఫిర్యాదుల కథ. నాలుగు సార్లు ఫిర్యాదు చేశాను. నాలుగు సార్లూ మూడో రోజుకల్లా నా సెల్లుకి మెసేజ్: మీ ఫిర్యాదు పరిష్కరించబడినది. ఫోన్ మాత్రం అలాగే ఉంది. ఐదోసారి కాల్ సెంటర్ అమ్మాయిని నిలదీస్తే, "మా వాళ్ళు మీ ఇంటి నంబర్‌కి చేశారండీ, ఎవరూ ఎత్తలేదు, అందుకే క్లోజ్ చేశారు" అంది. ఏ నంబర్‌కి చేశారమ్మా అంటే, ఆ పనిచెయ్యని నంబరే చదివి వినిపించింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చచ్చిన మనిషి ఇంటికెళ్ళి తలుపు కొట్టి, పలకలేదు కాబట్టి బతికే ఉన్నాడని రాసుకోవడం లాంటిది ఇది.

సరే, సార్ చెప్పినట్టు పీకించేద్దాం. దానికీ వెళ్ళాను. కనెక్షన్ నాన్న పేరున ఉంది. సరెండర్ ఫారం మీద కనెక్షన్‌దారుడి సంతకం కావాలి. నాన్న 2019లో పోయారు. అయితే డెత్ సర్టిఫికెట్, తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసుల నో అబ్జెక్షన్, పాత బకాయి మొత్తం కట్టిన రసీదు, హ్యాండ్‌సెట్. అన్నీ పట్టుకొస్తే అప్పుడు డిపాజిట్ సంగతి చూస్తారట. చచ్చిపోయిన మనిషి పేరున నెలనెలా బిల్లు పంపడానికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు. ఆపడానికి మాత్రం ఐదు కాగితాలు. సచివాలయం చుట్టూ తిరగడానికి నేను రెండు సెలవులు పెట్టాను. దినకూలీ చేసుకునే మనిషికి ఆ రెండు రోజుల కూలి ఎవరిస్తారు?

సగం కాగితాలు పోగయ్యాక, ఆ సంగతి అమ్మకి చెప్పాను. అమ్మ ఒప్పుకోలేదు.

"ఆ ఫోన్ ఎందుకొచ్చిందో నీకు తెలుసా అమ్మాయ్?" అంది.

తెలుసు. కానీ మర్చిపోయినట్టు ప్రవర్తిస్తున్నాను.

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని తరిమి తరిమి చంపారు. నాన్న అప్పుడు ఎలిమెంటరీ స్కూలు మేష్టారు. ఆ ఏడాది మా పల్లెలో మగవాళ్ళు రాత్రుళ్ళు వంతులేసుకుని మేలుకునే వాళ్ళట. ఏదైనా జరిగితే పోలీస్ స్టేషన్‌కి ఫోన్ ఎక్కడి నుంచి చెయ్యాలి? ఊళ్ళో ఉన్నవి మూడు ఫోన్లు. మూడూ ఆసాముల ఇళ్ళలో. ఎవరి మీద ఫిర్యాదు చెయ్యాల్సి వస్తుందో వాళ్ళ వసారాలో నిలబడి, వాళ్ళ అనుమతితో, వాళ్ళు వింటుండగా చెయ్యాలి. మరుసటి సంవత్సరం నాన్న దరఖాస్తు పెట్టారు. పల్లె దాకా లైన్ రావాలంటే అదనంగా స్తంభాలు వెయ్యాలి, వీలుపడదని తిప్పి పంపారు. మళ్ళీ పెట్టారు. 1997లో వచ్చింది. ఆ ఐదేళ్ళలో ఊళ్ళో పెద్ద వీధిలో ఇంటికో ఫోన్ వచ్చింది.

అంతకు ముందు సంగతి ఇప్పటి పిల్లలకి తెలియదు. ఇంట్లో ఫోన్ లేనివాళ్ళు దరఖాస్తుల్లో పక్కింటి వాళ్ళ నంబర్ రాసి ముందు 'పీపీ' అని పెట్టేవాళ్ళు. మా పల్లె వాళ్ళ పీపీ నంబర్ ఒక ఆసామి ఇంటిది. హైదరాబాద్‌లో తాపీ పనికి పోయిన కొడుకు ఫోన్ చేస్తే, ఆసామి ఇంటి నుంచి పాలేరు వచ్చి కేకేసేవాడు. తల్లి పరిగెత్తుకుంటూ పోయి వాకిట్లో నిలబడేది. రిసీవర్ చేతికివ్వరు. రిసీవర్ నోటికి, చెవికి తగులుతుంది కదా. లోపల ఆయనే మాట్లాడి బయటికి చెప్పేవాడు: "మీ వాడు బాగానే ఉన్నాడంట, పండక్కి రాడంట." కొడుకు మూడు వందల మైళ్ళ దూరం నుంచి మాట్లాడుతున్నాడు, తల్లి పదడుగుల దూరంలో ఉంది, వాడి గొంతు మాత్రం వినపడదు. మా మేనత్త ఇలా రెండేళ్ళు కొడుకు క్షేమం ఇంకొకడి నోట విన్నది.

ఇక్కడ ఒక మాట అనాలి. నేను తెలుగు సాహిత్యంలో పిహెచ్‌డీ చేసినదాన్ని, ఆదివారం అనుబంధాల జ్ఞాపకాల వ్యాసాలు చదవడం నా పనిలో భాగం. 'ఆ రోజుల్లో ఇంటికో ఫోన్, ఫోన్ చుట్టూ ఇల్లంతా, ఎంత ఆప్యాయతలో, ఇప్పుడు మనిషికో సెల్లు, ఎవరి లోకం వారిది' అని ఏడాదికి పదైనా చదువుతాను. అయ్యా, ఎవరి ఇల్లంతా? ఆ హాల్లో టీపాయ్ మీద లేసు గుడ్డ కప్పిన ఫోన్ పక్కన మేము ఎక్కడున్నాం? వాకిట్లో ఉన్నాం. మీ ఆప్యాయత మాకు అరుగు మీద నుంచి కేకల్లో వినిపించేది. ల్యాండ్‌లైన్ మీకు జ్ఞాపకం. మాకు అది కొట్లాడి తెచ్చుకున్న హక్కు, ఇంకా బిల్లు కడుతున్న హక్కు.

1997 నుంచి మా ఇంటి నంబరే పల్లె మొత్తానికి పీపీ. రాత్రి పదకొండు దాటితే ఎస్టీడీ పావు రేటు. ఆ టైముకి మా వసారాలో జనం. ఎవరు ఎంతసేపు మాట్లాడారో నాన్న ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాసేవారు. ఇచ్చినవాళ్ళు ఇచ్చారు, ఇవ్వనివాళ్ళ పేర్ల ఎదురుగా గీత ఉంది, అంతే. రెండు నెలలకోసారి వచ్చే బిల్లు చూసి అమ్మ గొణిగేది. డయల్‌కి తాళం వేద్దామంది. "తాళం వేసిన ఫోన్లు ఊళ్ళో చాలా ఉన్నాయి" అన్నారట నాన్న. ఆ నోట్‌బుక్ ఇప్పుడు నా దగ్గరుంది. అందులో కానిస్టేబుల్ సెలక్షన్ కబురుంది, రెండు పురుళ్ళున్నాయి, ఒక ఆత్మహత్య ఉంది. 2001లో ఒక రాత్రి ఎస్సైకి చేసిన కాల్ ఉంది. ఆ రాత్రి ఏమీ జరగలేదు. ఫోన్ ఉంది కాబట్టే జరగలేదని మా పల్లె నమ్మకం. నేనూ నమ్ముతాను.

ఇంకో మనిషి గురించి చెప్పకపోతే ఈ పోస్టు అబద్ధమవుతుంది. మా లైన్‌మన్. ఆయన మాదిగ, మేము మాల. వరస కలుపుకుని అమ్మని అక్కా అంటారు, నేను మామయ్యా అంటాను. (వర్గీకరణ చర్చల్లో కామెంట్లలో కొట్టుకునే తమ్ముళ్ళు ఈ వాక్యం ఇంకోసారి చదవండి.) 1943లో అంబేడ్కర్ వైస్రాయ్ కౌన్సిల్‌లో ఉన్నప్పుడు కేంద్ర ఉద్యోగాల్లో ఎస్సీలకి 8.33 శాతం వచ్చింది. 1970లో అది 15 అయ్యింది. ఆ పదిహేనులో ఒక వాటా మా పల్లెకి సైకిల్ మీద, భుజాన తీగ చుట్టతో వచ్చేది. ఫోన్ హాల్లో ఉంటుంది కాబట్టి, ఆయన్ని అరుగు ఎక్కనివ్వని ఇళ్ళ హాల్లోకి కూడా ఆయన చెప్పులతో వెళ్ళేవారు. "జాకెట్టు పిన్ను కాదమ్మా, జంపర్ వైరు, పట్టుకో" అని నాకు డీపీ బాక్స్ లోపల చూపించేవారు. ఏ ఇంటి తీగ ఏ జతో ఆయనకి కంఠతా వచ్చు.

2019 చివర్లో ప్రభుత్వ రంగ టెలికాం సంస్థలు రెండింటిలో స్వచ్ఛంద పదవీ విరమణ పెట్టారు. యాభై ఏళ్ళు దాటినవాళ్ళకి. తొంభై వేల మందికి పైగా తీసుకున్నారు. 2020 జనవరి 31న ఒక్క రోజే అందరూ ఇంటికి. మామయ్య కూడా. జీతాలే సమయానికి రానప్పుడు అందులో స్వచ్ఛందం ఎంతో మీరే చెప్పండి. ఇప్పుడు తీగలు చూసే పని కాంట్రాక్టర్లది. కాంట్రాక్టరు దగ్గర రోస్టర్ లేదు, ఆయన మనుషులకి మా పల్లె ఎక్కడో తెలియదు. అంటే మా వాళ్ళ ఉద్యోగం పోయింది, మా వాళ్ళ ఫోన్ పోయింది, బిల్లు మాత్రం ఉంది. ఖర్చు తగ్గించుకున్నామన్నారు. ఎవరి ఖర్చు? ఆ ఖర్చు మా అమ్మ మీదికి, నా రెండు సెలవుల మీదికి జరిగింది.

స్మార్ట్‌ఫోన్ సంగతి. కొనిచ్చాను సార్. అమ్మ ముప్పై ఏళ్ళు నాట్లేసి, మిరపకాయలు కోసిన మనిషి. రేషన్ మెషీన్ లాగే ఆ తెర కూడా ఆవిడ వేళ్ళని ఒక్కోసారి గుర్తుపట్టదు. ఇంట్లో సిగ్నల్ ఉండదు, వాకిట్లోకి రావాలి. మళ్ళీ వాకిట్లోకే! ల్యాండ్‌లైన్ అయితే బొత్తాలు చేతికి తెలుస్తాయి, గంట వంటింట్లోకి వినపడుతుంది. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ మీంచి సెల్లుకి చెయ్యాలంటే ముందు సున్నా కొట్టాలన్నారు. క్యాలెండర్ మీద ప్రతి నంబర్ ముందూ సున్నా తనే దిద్దుకుంది, ఎవర్నీ అడగకుండా.

విద్యార్థి మిత్రులకి పనికొచ్చే మాట ఒకటి. 2024 దాకా అమలులో ఉన్న ట్రాయ్ 2009 నాణ్యతా నిబంధనల్లో ఉండేది. ల్యాండ్‌లైన్ పాడై మూడు రోజులు దాటితే ఏడు రోజుల అద్దె, వారం దాటితే పదిహేను రోజుల అద్దె, పదిహేను రోజులు దాటితే నెల అద్దె బిల్లులో తగ్గించాల్సి ఉండేది. కనెక్షన్ మూసేస్తే అరవై రోజుల్లో డిపాజిట్ వెనక్కివ్వాల్సి ఉండేది. ఈ సంగతి ఏ బిల్లు వెనకా పెద్దక్షరాలతో ఉండేది కాదు. ఫిర్యాదు 'పరిష్కరించబడింది' అని రాసేసుకుంటే రికార్డులో పాడైన రోజులు రెండే, తగ్గించాల్సిన అద్దె సున్నా. ఆ మెసేజ్ ఊరికే రాదు, దాని వెనక డబ్బుంది. అందుకే డాకెట్ నంబర్, తేదీ రాసి పెట్టుకోండి. అబద్ధపు మెసేజ్ వచ్చిన ప్రతిసారీ అదే రోజు మళ్ళీ ఫిర్యాదు చెయ్యండి. కాలేజీలో మీకు ఖాళీగా ఉన్న పీరియడ్‌లో మీ వీధిలో పెద్దవాళ్ళ బిల్లులు తీసి చూడండి. ఆ బిల్లుల్లో ఎన్ని తీగలు చచ్చి ఉన్నాయో నాకు రాయండి, ఒకే అర్జీగా పెడదాం. నేను అమ్మ తరఫున ఏడు నెలల అద్దె, దాని మీద పన్ను వెనక్కివ్వమని రాతపూర్వకంగా అడిగాను. సరెండర్ కాగితాలు బీరువాలో పెట్టేశాను.

అక్టోబర్‌లో మామయ్యకి సంగతి తెలిసి ఆయనంతట ఆయనే వచ్చారు. కొలువు లేదు, నిచ్చెన లేదు, మోకాళ్ళ నొప్పులు. రోడ్డు వార నడుచుకుంటూ పోయి, "ఇక్కడే అక్కా జాయింటు పోయింది, ఇద్దరు మనుషులకి ఒక పూట పని" అని చెప్పి, ఆ చోట గుర్తుగా మూడు ఇటుకలు పెట్టి వెళ్ళారు. ఆ ఇటుకల ఫోటో, కొలతలతో సహా, నా అర్జీకి జత చేశాను.

నిన్న మళ్ళీ మెసేజ్ వచ్చింది, పరిష్కరించబడినది అని. అమ్మకి సెల్లులో చెప్పాను. "ఉండు" అని లోపలికెళ్ళి రిసీవర్ ఎత్తి చూసి వచ్చి, "లేదమ్మాయ్" అంది.

ఆరో ఫిర్యాదు ఇవాళ పొద్దున పెట్టాను. వచ్చే ఆదివారం స్కాలర్‌షిప్ ఫారాల్లో 'ఇన్‌కమ్' గడి గురించి రాస్తాను. జై భీమ్.