బిందె మీద పేరు



పాత సామాన్లు కొనే ఆటో వారం వారం మన ఊళ్ళల్లో తిరుగుతోంది. ఇత్తడి బిందెలు, గంగాళాలు కాటా వేసి పట్టుకుపోతున్నారు. అటక మీద అడ్డం అని మనమూ దింపి ఇచ్చేస్తున్నాం. ఇచ్చే ముందు ఆ బిందె మెడ దగ్గర దుమ్ము తుడిచి చూడండి. చుక్కలు చుక్కలుగా పేరు కొట్టి ఉంటుంది. ఎక్కువగా అది ఆడమనిషి పేరే.

ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి సమాన వాటా అని మన రాష్ట్రంలో చట్టం వచ్చింది 1986లో. అప్పటికే పెళ్ళయినవాళ్ళకి అందులోనూ చోటు లేదు. మన అమ్మలకీ నాయనమ్మలకీ ఇంక పాసుపుస్తకం ఎక్కడిది? సారెలో వచ్చిన సామానే వాళ్ళ ఆస్తి. పేరు కొట్టించింది సోకుకి కాదు. తోడికోడళ్ళ సామాన్లలో కలిసిపోకుండా, వేరుపడ్డ రోజున తగువు రాకుండా. పంట పోయిన ఏడు పొలం జోలికి పోకుండా ముందు ఆ బిందెలే తాకట్టుకి వెళ్ళేవి. మాసూళ్ళయ్యాక విడిపిస్తే సరే, లేదంటే ఆవిడ ఆస్తి పోయినట్టే. ఆ లెక్క ఎవరూ రాసిపెట్టలేదు.

ప్లాస్టిక్ బిందె వచ్చిందని నేను ఏడవను. ఖాళీ ఇత్తడి బిందే మూడు నాలుగు కిలోలు ఉంటుంది. నిండుగా చంకనెత్తుకుని చెరువు నుంచి నడిచినవాళ్ళకే తెలుసు ఆ నడుం నొప్పి. ఇత్తడి గొప్ప అని ఇక్కడ రాయడం మన మగాళ్ళకి తేలికే. నా బాధ వేరే. ఇత్తడికి చిల్లు పడినా బరువుకి ధర ఉండేది. పాతది తూకానికి వేసి మజూరీ కడితే కొత్తది చేతికొచ్చేది. తణుకు దగ్గర అజ్జరం లాంటి ఊళ్ళు ఆ పని మీదే బతికాయి. ఇప్పుడు పిల్ల పెళ్ళికి ఫ్రిజ్జూ సోఫా వాయిదాల మీద కొనిస్తున్నాం. వాయిదాలు తీరేసరికి వాటికి సగం ధర కూడా రాదు. పైగా దాని మీద ఉండేది కంపెనీవాడి పేరు.

అమ్మొద్దు అనను. ఆ పేరున్న మనిషి ఇంట్లో ఉంటే ఆమెని అడిగి అమ్మండి, డబ్బు ఆమె చేతిలోనే పెట్టండి. మనమే ఆటోవాడితో బేరమాడి జేబులో వేసుకోవడం ఏం న్యాయం? పొలంలో వాటా సంగతి ఇంకో రోజు రాస్తాను, దానికి కామెంట్లలో ఎటూ గొడవవుతుంది.

అన్నట్టు, మా వైపు కళాయి వేసేవాళ్ళు కనబడటం లేదు. కళాయి పోయిన గిన్నెలో పులుసు పెడితే చిలుము దిగుతుంది. మీ దగ్గర ఎవరైనా ఉంటే ఊరి పేరు పెట్టండి, మా ఇంట్లో నాలుగు గిన్నెలున్నాయి.