మనిషికో వెబ్‌సైటు

వ్యక్తిగత వెబ్‌సైటు ఒక మనిషి సరదాకొద్దీ తన చేత్తో కట్టుకుని నడుపుకునే చోటు. అందులో అమ్మకం ఉండదు, లైకుల లెక్క ఉండదు. పాత ఇళ్ల ముందరి అరుగు లాంటిది: ఇల్లు ఒకరిది, కూర్చునేది దారినపోయే అందరూ. తెలుగులో రాసే అలవాటున్న ప్రతివారూ ఇలాంటి అరుగొకటి వేసుకోవాలన్నది ఈ కరపత్రం కోరిక.

పరాయి పంచన పెట్టిన రాతలకు భరోసా లేదు. 1994లో మొదలైన జియోసిటీస్‌లో లక్షలాది మంది సొంత పేజీలు కట్టుకున్నారు. 1999లో దాన్ని యాహూ కొన్నది, 2009లో మూసేసింది. ఔత్సాహికులు ఆదరాబాదరాగా దించుకోగలిగినవే దక్కాయి. ఆర్కుట్ 2014లో పోయింది, గూగుల్ ప్లస్ 2019లో, యాహూ గ్రూప్స్ 2020లో. మూతపడని చోట్లా ఇబ్బందే. నిరుడు సంక్రాంతికి వాట్సాప్ గుంపులో ఎవరో పెట్టిన అరిసెల పాకం కొలత ఈ సంక్రాంతికి వెతికితే దొరకదు. గుంపులో లేనివారికి అది ఉన్నట్టే తెలియదు.

సొంత సైటులో ఏం పెట్టాలన్నది పెద్ద ప్రశ్న కాదు. ఊరి చెరువు తూముల పేర్లు, ఒకప్పుడు పండించిన వడ్ల రకాలు, అమ్మమ్మ వాడిన మాటలు, ఊరి గుడి శాసనం ఫొటో, చదివిన పుస్తకం మీద నాలుగు ముక్కలు, ఏదైనా సరే. పెద్ద వెబ్‌సైట్లు పట్టించుకోనివి ఇవే. పదిమందే చదివినా, ఆ పదిమందికి అది మరోచోట దొరకదు.

వెబ్ సాంకేతికతను సెర్న్ సంస్థ 1993 ఏప్రిల్ 30న అందరి సొత్తుగా ప్రకటించింది కనుక పేజీ కట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. నోట్‌ప్యాడ్‌లో రాసిన ఒక హెచ్‌టీఎంఎల్ ఫైలు చాలు. 2013లో మొదలైన నియోసిటీస్ లాంటి చోట్ల దాన్ని ఉచితంగా పెట్టుకోవచ్చు. తెలుగువారు జాగ్రత్తపడాల్సింది అక్షరాల దగ్గర. యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లలో కూర్చిన పాఠాన్ని అలాగే అతికిస్తే అర్థంలేని ఇంగ్లిష్ గుర్తులు వస్తాయి. ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. అక్షరాల సంకేతం యూటీఎఫ్-8 అని ఫైలు తలభాగంలో ఒక వరుస రాయాలి. కవితను బొమ్మగా చేసి పెడితే చూడ్డానికి బాగానే ఉంటుంది, కానీ అందులోని మాటలతో వెతికితే దొరకదు, చూపులేనివారికి కంప్యూటరు చదివి వినిపించడమూ కష్టం. 1998లో మొదలైన ‘ఈమాట’ వెబ్ పత్రిక పాత సంచికల్ని నేటికీ చదవగలగడం ఊరకే జరగలేదు, నడిపేవారి ఓపిక అది.

ఒంటరి సైటును ఎవరూ చూడరు. అందుకే ప్రతి సైటులోనూ ఇరుగుపొరుగు సైట్ల జాబితా ఉండాలి. 1990లలో వెబ్‌రింగ్ అనే పద్ధతి నడిచేది: ఒకే ఆసక్తి ఉన్నవారి సైట్లు దండలా కలిసి ఉండేవి, ఒకదాని నుంచి పక్కదానికి లింకు. జిల్లా చరిత్రకో, వంటకో, నాటకానికో తెలుగులో అలాంటి దండలు గుచ్చవచ్చు. కంప్యూటర్లున్న శాఖా గ్రంథాలయాలు, డిగ్రీ కళాశాలల తెలుగు శాఖలు నెలకో ఆదివారం సైటు కట్టడం నేర్పడానికి కేటాయించాలి. నేర్పేవారు పారితోషికం అడగకపోవచ్చు, టీ మాత్రం తప్పనిసరి.

కొన్ని కట్టుబాట్లు: ఇతరుల ఫొటోలు అడక్కుండా పెట్టకూడదు, పిల్లల చిరునామా, ఫోన్ నంబరు అసలే వద్దు. డొమైన్ పేరు కొనుక్కుంటే గడువు తీరకముందే రుసుము కట్టాలి, లేకపోతే ఆ పేరు ఇంకెవరి చేతికైనా పోవచ్చు. ఫైళ్లన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో దాచి, పేజీలను ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లోనూ భద్రపరచాలి.